పై పది మీటర్లు లెక్కలోకి రావు

"—చేపలు లేని చేపల తొట్టికి ఫ్యానేమిటండీ? ఉక్కకి నేనిక్కడ ఉడికిపోతుంటే మీరు నీళ్ళకి గాలి విసురుతారా? నేనడిగేది వినబడుతోందా?"

"వినబడుతోంది."

"వినబడితే ఆ కళ్ళద్దాలు తుడవడం ఆపి మొహం ఇటు తిప్పండి."

"ఇంకా కొంచెం టైముంది."

"అయితే చూడండి. ఇక మీదట నేను పది నిమిషాలు ముందుగానే తిట్టడం మొదలుపెడతా. మీరు అద్దాలు పెట్టుకునే వేళకి సరిగ్గా అసలు తిట్టు దగ్గరికొస్తా!"

మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ ఈ మాటలు విన్నాను. లోపలికి వెళ్ళాలా, ఆ మిగిలిన కాస్త టైమూ బయటే గడపాలా అని ఆలోచించి బయటే గడిపాను. మా అక్కా బావా తగాదా పడుతున్నప్పుడు మధ్యలో వెళ్ళినవాడికే రెండు వైపుల నుంచీ వడ్డింపు ఉంటుంది.

మా బావ దేనిలోనైనా సరే మొదటి పదీ లెక్కలోకి తీసుకోడు. ఆయన గురించి చెప్పవలసింది ఈ ఒక్క ముక్కే. కోపమైతే మొదటి పది నిమిషాలు, పుస్తకమైతే మొదటి పది పేజీలు, సముద్రమైతే మొదటి పది మీటర్లు. ఆ పదీ దాటేదాకా కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చుంటాడు. దాటగానే అద్దాలు పెట్టుకుని, మనిషి అప్పుడే వచ్చినట్టు నవ్వి, "ఇప్పుడు చెప్పు" అంటాడు.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగం వల్ల వచ్చింది. మా ఆఫీసు సముద్రాన్ని కొలిచే ఆఫీసు. అక్కడివాళ్ళు కనిపెట్టిన సంగతుల్ని పడవల మీద పోయేవాళ్ళకి అర్థమయ్యే మాటల్లోకి మార్చి ప్రతి వారం బులెటిన్ వెయ్యడం నా పని. బావ పని సముద్రం మీద కలిసిన పొర ఎంత లోతుందో అంచనా కట్టడం. గాలి కొట్టి, అలలు చిలికి, పైనున్న నీళ్ళు బాగా కలిసిపోతాయి. కొంత లోతు దాకా వేడి ఒకేలా ఉంటుంది. అక్కణ్ణించి నీళ్ళు చల్లబడడం మొదలవుతుంది. ఆ ఒకేలా ఉన్న భాగమే కలిసిన పొర. అది మందంగా ఉంటే తుఫానుకి తాగినంత వేడి దొరుకుతుంది. పల్చగా ఉంటే తుఫాను తన గాలితో తానే కింది చన్నీళ్ళు పైకి తోడుకుని నీరసపడిపోతుంది. కాబట్టి ఆ లోతు తెలియడం మనుషుల ప్రాణాలకి సంబంధించిన విషయం.

దాన్ని పట్టుకునే పద్ధతి చెప్పడానికి తేలిక. సముద్రంలో మునిగి లేచే పరికరాలు ఏ లోతులో ఎంత వేడి ఉందో చెబుతాయి. ఒకచోట వేడిని ఆనవాలుగా పెట్టుకుని కిందికి దిగుతూ పోవాలి. ఆనవాలు కంటే డిగ్రీలో అయిదో వంతు తగ్గినచోట ఆగి గీత గియ్యాలి. చిక్కంతా ఆ ఆనవాలు ఎక్కడ పెట్టుకోవాలన్నదే. నీళ్ళ పైన పెట్టుకుంటే మోసపోతాం. మధ్యాహ్నపు ఎండకి పైన పల్చగా ఒక వేడి తెర కడుతుంది, రాత్రికి పోతుంది. దాన్ని నమ్మితే సముద్రంలో కలిసిన పొర బకెట్టు లోతు కూడా ఉండదు. అందుకని పది మీటర్ల కింద ఆనవాలు పెట్టుకుంటారు. పైన ఏం జరిగినా పట్టించుకోరు.

మిగతావాళ్ళు ఈ సంగతిని ఆఫీసులో వదిలి ఇంటికి వెళతారు. బావ వదల్లేదు.

ఆయనకి కాఫీ ఇస్తే చెంచా అడుగుతాడు. పంచదార వేసుకోడు, అయినా చెంచా కావాలి. పైపైన పెదవి ఆనించి వేడి తేల్చడం తొందరపాటు అంటాడు. గిరగిరా కలుపుతాడు, ఆగుతాడు, మళ్ళీ కలుపుతాడు.

"ఇంకెంతసేపు బావా?"

"అయిపోయింది. ఇప్పుడు కప్పంతా ఒకటే పొర. ఎక్కడ తాగినా ఒకటే వేడి."

"చల్లారిపోయింది కదా!"

"చల్లారితే చల్లారింది. అంతా ఒకేలా చల్లారిందా లేదా?"

నవలలు చదవడం ఆయనకి ఇష్టం. అందులోనూ డిటెక్టివు నవలలంటే చెవి కోసుకుంటాడు. ఏ నవలైనా పదకొండో పేజీ నుంచే. దానివల్ల హంతకుడెవరో ప్రతిసారీ తెలుస్తుంది కానీ, చచ్చిపోయింది ఎవరో తెలియదు. ఒకసారి పుస్తకం మూసి చాలా సంతృప్తిగా, "వంటవాడే చంపాడురా" అన్నాడు.

"ఎవర్ని?"

"అది మనకెందుకు? ఎవరో ఒకర్ని చంపి ఉంటాడు."

సినిమాకి వెళితే టికెట్లు కొన్నాక బయట బెంచీ మీద కూర్చుంటాడు. అక్క లోపల, బావ బయట. చీకట్లో ఆయన వచ్చి తడుముకుంటూ కూర్చునేసరికి అక్క కథంతా చెవిలో చెప్పాలి. వెనకవాళ్ళు కసురుకుంటారు. "వాళ్ళనేదాన్ని పట్టించుకోకు, ఇప్పుడే మొదలుపెట్టారు" అంటాడు బావ.

ఆ చేపల తొట్టి సంగతి కూడా చెప్పాలి. నిలువుగా, పొడుగ్గా ఉండే ఆ గాజుతొట్టిని బావ ఏదో దుకాణం మూసేస్తుంటే ఇంటికి తెచ్చాడు. అక్క సంబరపడి, ఎర్ర చేపలు వెయ్యాలా నల్లవి వెయ్యాలా అని ఆలోచిస్తుండగానే అందులో నీళ్ళు పోసి, లోతుకి గుర్తులుగా ముడులేసిన దారానికి థర్మామీటరు కట్టి వేలాడదీశాడు. పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాడు. అది గాలి. పైన దీపం పెట్టాడు. అది ఎండ.

"చేపలేవి?" అంది అక్క.

"చేపలుంటే నీళ్ళు కదిలి పొరలు పాడైపోతాయి."

అప్పణ్ణించీ ఆ తొట్టి ముందుగదిలో, కుర్చీ వెయ్యవలసిన చోట ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ వంగి చూసి, "చేపలు పడుకున్నాయా?" అని అడుగుతారు. మొదట్లో అక్క వివరంగా చెప్పేది. తరవాత్తరవాత "అవునండీ, పడుకున్నాయి" అని ఊరుకోవడం మొదలుపెట్టింది. ఒకావిడ మాత్రం పాపం వాటిని లేపకూడదని వెళ్ళేదాకా గుసగుసగా మాట్లాడింది.

పక్కింటాయన ఒకరోజు ఒంటికాలి మీద లేచి వచ్చాడు. తొట్టి నీళ్ళు పారబోస్తే ఆయన గోడ నానిందట. గుమ్మంలో నిలబడి అరిచాడు. కోర్టు అన్నాడు, పోలీసులన్నాడు. బావ వంశాన్ని కూడా ఒకసారి తలుచుకున్నాడు. బావ అద్దాలు తుడుచుకుంటున్నాడు. అవతలివాడు జవాబివ్వకపోతే ఎంత గట్టివాడికైనా గొంతు ఆరిపోతుంది. అరిచి అరిచి ఆయన గుమ్మానికి చేరబడ్డాడు. బావ అద్దాలు పెట్టుకుని, లేచి కుర్చీ లాగి, "ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

ఆయన కూర్చున్నాడు. "ఏం చెప్పనండీ, రాత్రి మోకాలి నొప్పితో కన్ను మూతపడలేదు" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ సాయంత్రాలు కలిసి నడుస్తారు. గోడ సంగతి వాళ్ళిద్దరికీ గుర్తున్నట్టు లేదు.

అక్కని అడిగితే దీనికంటే పాతది ఒకటి చెబుతుంది. పెళ్ళిచూపులకి బావ మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు అక్క గాభరాలో కాఫీ ట్రే మొత్తం ఆయన ఒళ్ళో దించింది. కంగారులో "సారీ" అనబోయి "థాంక్స్" అంది. ఏడుపు ఆపుకుంటూ లోపలికి పరిగెత్తబోయి, తలుపు లాగవలసింది నెట్టి, అక్కడే నిలబడిపోయింది. అంతసేపూ బావ వంచిన తల ఎత్తకుండా, కాఫీ కారుతున్న చొక్కాతోనే అద్దాలు తుడుచుకున్నాడట. తరవాత పెట్టుకుని, "ఇప్పుడు చెప్పండి" అన్నాడట.

"ఆ మొదటి పది నిమిషాలూ చూసుంటే నన్ను చేసుకునేవారే కాదు" అంటుంది అక్క.

"ఏ పది నిమిషాలు?" అంటాడు బావ.

మా డైరెక్టరు గారు బావకి పూర్తిగా అటువైపు మనిషి. గుమ్మంలో అడుగుపడే లోపే మనిషి రకం తేల్చేస్తారు. "నాకు నడక చాలు" అంటుంటారు. ఒకసారి ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కుని, నడక చూసి, బయటినుంచి వచ్చిన పెద్ద నిపుణుడనుకుని సమావేశంలో ముందు వరసలో కూర్చోబెట్టారు. అతను బిస్కట్లు తిని, కాఫీ తాగి, "గది చల్లగా లేదండీ" అని లేచి ఏసీ విప్పాడు. నిపుణుల నిరాడంబరత గురించి డైరెక్టరు గారు మాకు చెప్పిన ఉపన్యాసం అప్పటికే సగం అయిపోయింది.

అలాంటి డైరెక్టరు గారి కళ్ళలో మా సెక్షనులో చేరిన కొత్తమ్మాయి మొదటిరోజే పడింది. పడకూడని విధంగా పడింది.

ఆ అమ్మాయి చదువులో చురుకైనది. ఒక్కటే ఇబ్బంది. నలుగురి ముందు లేచి నిలబడితే మొదట్లో నోరు పెగలదు. చేరిన కొత్తలో కలిసిన పొర పటం ఒకటి గీసుకొచ్చింది. తొందరలో ఆనవాలు పది మీటర్ల దగ్గర కాకుండా నీళ్ళ పైన పెట్టింది. దాంతో ఎండకాసిన చోటల్లా పొర లోతు మోకాళ్ళ దాకా వచ్చింది. డైరెక్టరు గారు పటాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, అందరికీ చూపించారు.

"ఏమ్మా, ఈ సముద్రంలో నేను ప్యాంటు మడుచుకుని అవతలి ఒడ్డుకి నడిచిపోవచ్చా?"

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. నవ్వు ఇంకా పెరిగింది. నవ్వనిది ఒక్క బావే. ఆయన కళ్ళద్దాలు ఆయన చేతిలో ఉన్నాయి. అద్దాలు లేకపోతే ఆయనకి పటమూ కనబడదు, మనుషుల మొహాలూ కనబడవు.

ఆ తప్పు ఆమె మర్నాడే దిద్దుకుంది. కానీ ఆ రోజు నుంచి డైరెక్టరు గారికి ఆమె ప్యాంటు మడిచే అమ్మాయిగానే ఉండిపోయింది. ఆయన్ని చూస్తే ఆమెకి మొదటి అక్షరం కూడా రావడం మానేసింది. ఇద్దరూ మెట్ల మీద ఎదురైతే ఆమె నమస్కారం పెట్టి గోడలో కలిసిపోవాలని చూసేది.

బావ గదిలో మాత్రం వేరేగా ఉండేది. వచ్చేది, కుర్చీ అంచున కూర్చునేది, కాగితాలు తిప్పేది. బావ అద్దాలు తుడుచుకునేవాడు. ఇద్దరూ పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాల్లా ఎటో చూస్తూ ఉండేవారు. బావ అద్దాలు పెట్టుకుని "ఇప్పుడు చెప్పమ్మా" అనేసరికి మొదలయ్యేది. ఇక ఆపడం మన వల్ల కాదు. ఒకసారి కాగితాలు బల్ల నిండా పరిచి, బావ ఇన్నేళ్ళుగా గీస్తున్న పటాలు నదీముఖాల దగ్గర తప్పని చెప్పేసింది.

"నది తెచ్చిన మంచినీళ్ళు తేలికండి. ఉప్పునీళ్ళ మీద మూతలా కూర్చుంటాయి. వేడి మాత్రం పైనా కిందా ఒకటే. మీరు వేడి ఒక్కటే చూస్తారు, అందుకని అంతా కలిసిన పొరే అనుకుంటారు. కానీ గాలి ఆ మూత దాటి కిందికి కలపలేదు సార్. ఉప్పు కూడా చూడాలి. చూస్తే పొర మీరు గీసినదాంట్లో సగం కూడా లేదు!"

అన్నాక ఎవరితో అన్నదో గుర్తొచ్చి నోరు మూసేసుకుంది. బావ లేచి గోడకున్న తన పటం దగ్గరికి వెళ్ళి, నదీముఖం దగ్గర వేలు పెట్టి చూశాడు. వెనక్కి తిరిగేసరికి ఆయన మొహం లాటరీ తగిలినవాడి మొహంలా ఉంది.

"ఒరేయ్, నేను తప్పటరా!" అన్నాడు నాతో.

ఆమెకి ప్రొబేషను పూర్తవుతోంది. ఉద్యోగంలో ఉంచాలా పంపించాలా అన్నది కమిటీ తేలుస్తుంది. పంపించేస్తే ఆమెకి వచ్చిన ఈ ఒక్క పనీ చెయ్యనిచ్చే మరో ఆఫీసు చుట్టుపక్కల లేదు. కమిటీకి పెద్ద మా డైరెక్టరు గారే. బయటినుంచి ఇద్దరు, సెక్షను పెద్దగా బావ. జరిగింది రాసుకోవడానికి నేను. ఈ ఏడు డైరెక్టరు గారు కొత్త నియమం పెట్టారు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. అంతే.

బావ ఆయన గదికి వెళ్ళాడు. తోడుకి నన్నూ తీసుకెళ్ళాడు.

"పది నిమిషాలంటే అంతా ఉపరితలమేనండీ" అన్నాడు.

"పదెందుకు? నాకు నడక చాలు. మీ తృప్తి కోసం పది ఇచ్చాను."

"ఇంకో పది ఇవ్వకూడదా?"

"ఎందుకండీ? ఆ అమ్మాయి ఆ పదిలో నోరు తెరిస్తే నా పేరు మార్చుకుంటా."

బావ కాసేపు ఆలోచించాడు. "సెక్షను పెద్ద పరిచయం చెయ్యాలని నియమాల్లో ఉందండి. చెయ్యొచ్చా?"

"నియమంలో ఉంటే చెయ్యండి. పొట్టిగా కానివ్వండి."

"ఎంత పొట్టిగా అన్నది అందులో లేదండి" అన్నాడు బావ చాలా వినయంగా.

కమిటీ రోజు పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి తొట్టిని ఆఫీసు జీపులో ఎక్కిస్తున్నారు. అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గేటు తానే తీసింది. డ్రైవరుకి కాఫీ ఇచ్చింది. తొట్టికి ఒక పక్క తానే చెయ్యి వేసింది.

"పీడ విరగడైందిరా తమ్ముడూ! ఇక వెనక్కి తెచ్చారంటే ఊరుకునేది లేదు, ముందే చెబుతున్నా. ఫ్యాను కూడా పట్టుకుపోతున్నారా? పోనీ, పోనీ. కొత్తది కొనుక్కుంటా. అక్కడ చోటొస్తే కుర్చీ వేసుకుంటా." లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. "ఏమండీ, వంటింట్లో ఉప్పు డబ్బా ఏది? రాత్రి నిండా ఉంది."

బావ ఆకాశం వైపు చూశాడు. "వర్షం వచ్చేలా లేదు" అన్నాడు.

ఉప్పు గురించి అడిగితే వర్షం గురించి చెప్పే మనిషితో నేను జీపులో కూర్చున్నాను. తొట్టి నా ఒళ్ళో కూర్చుంది.

సమావేశం గదిలో బల్ల మీద తొట్టి పెట్టి నీళ్ళు నింపాం. డైరెక్టరు గారు గడియారం తీసి ముందు పెట్టుకున్నారు. కొత్తమ్మాయి గోడ పక్కన నిలబడింది. మొహంలో రక్తం లేదు.

బావ పరిచయం మొదలుపెట్టాడు. ఆమె పేరు చెప్పడం మరిచిపోయాడు. సముద్రం అన్నాడు, ఎండ అన్నాడు, తన పెళ్ళిచూపుల నాటి చొక్కా మీద కాఫీ మరక అన్నాడు. నీళ్ళ మీద పళ్ళెం తేల్చి, దాని మీదుగా వేడినీళ్ళు మెల్లగా జారవిడిచాడు. వేడినీళ్ళు పైనే నిలిచాయి. అందులో తన చొక్కా చెయ్యి కూడా ముంచుకున్నాడు. బయటినుంచి వచ్చినవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు గారు గడియారం చూశారు.

"ఇప్పుడు కలిసిన పొర లోతు చూపిస్తా" అని బావ థర్మామీటరు తీశాడు. దారం కిందికి వదల్లేదు. చివర మాత్రం నీళ్ళ పైన అలా ఆనించాడు. "ఇదుగో, ఇది ఆనవాలు. ఇక్కణ్ణించి లెక్క."

నా పెన్ను కింద పడింది.

నాకు తెలిసి బావ కాఫీ కప్పులో కూడా పైన కొలిచి ఎరగడు. తల ఎత్తి చూశాను. ఆయన అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. డైరెక్టరు గారు తల ఊపుతున్నారు. ఆయనకి తేడా తెలియలేదు.

"ఇప్పుడు ఒక వేలెడు కిందికి" అన్నాడు బావ. "చల్లబడింది! చూశారా? కాబట్టి ఈ సముద్రంలో కలిసిన పొర లోతు ఒక వేలెడు. ఇందులో ప్యాంటు మడవకుండా కూడా నడవచ్చు."

గోడ దగ్గర్నుంచి చిన్న చప్పుడు వచ్చింది.

"ఏమన్నావమ్మా?"

"కా... కాదు సార్."

"కాకపోవడమేమిటి? నీ వయసంత సర్వీసు నాది. ఎప్పుడూ ఇలాగే చేస్తా."

"మీరు ఎప్పుడూ ఇలా చెయ్యలేదు సార్!" అంది ఆ అమ్మాయి. గట్టిగా అంది. "పైన పెడితే ఎలా సార్? అది ఎండ వేడి, సాయంత్రానికి ఉండదు. అది మోసం. కింద పెట్టాలి. ఇటివ్వండి."

బల్ల దగ్గరికి వచ్చి దారం ఆయన చేతిలోంచి లాక్కుంది. గదిలో అందరూ నవ్వారు. ఈసారి నవ్వు బావ మీద. ఆయన చిన్నబుచ్చుకున్నట్టు మొహం పెట్టి, తడిసిన చేతిని పిండుకుంటూ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె థర్మామీటరుని పది మీటర్లకి గుర్తుగా ఉన్న ముడి దాకా దించింది. ఫ్యాను వేసింది. పై వేడి చెదిరి, కింద నీళ్ళతో కలుస్తూ, పొర కిందికి దిగడం చూపించింది. ఎందుకు పైన కొలవకూడదో చెప్పింది. తాను ఒకప్పుడు అదే తప్పు చేశానని కూడా చెప్పింది. "సార్ ప్యాంటు మడవాల్సి వచ్చింది" అని డైరెక్టరు గారిని చూపించింది. ఆయన ఇబ్బందిగా కదిలారు.

"అసలు ఇది కూడా చాలదు సార్. ఉప్పు ఉంటే చూపించేదాన్ని" అంది.

బావ జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"గొట్టం కూడా కావాలి."

రెండో జేబులోంచి గరాటాతో సహా రబ్బరు గొట్టం వచ్చింది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూడాలనుకుని, అది లేకపోవడంతో పైకప్పు వైపు చూశాడు.

ఆమె నీళ్ళన్నీ చేత్తో కలిపేసింది. ఆ నీళ్ళే ఒక జగ్గులోకి ముంచి, ఉప్పు కలిపి, చుట్టూ చూసి, డైరెక్టరు గారి ముందున్న పచ్చసిరా బుడ్డి అడక్కుండానే తీసుకుని అందులో ఒంపింది. గొట్టంలోంచి ఆ పచ్చనీళ్ళని తొట్టి అడుక్కి దించింది. కింద పచ్చగా, పైన తేటగా రెండు పొరలు నిలిచాయి.

"వేడి చూడండి సార్."

డైరెక్టరు గారు లేచి వచ్చి, వంగి, పైనా కిందా చూశారు. "ఒకటే ఉంది."

"ఒకటే. వేడినే నమ్మితే ఇదంతా ఒక పొర అనుకుంటాం. ఇప్పుడు గాలి చూడండి."

ఫ్యాను వేసింది. పైనీళ్ళు అలలు లేచి సుడులు తిరిగాయి. పచ్చపొర కదల్లేదు. ఆ పైన ఫ్యాను ఎంత కొట్టినా అది అడుగున నిద్రపోతున్నట్టే ఉంది. నదీముఖాల దగ్గర సముద్రమంతా ఇలాగే ఉందని, అక్కడ మన పటాలు మారాలని, ఎలా మార్చాలో కూడా ఆమె చెప్పింది. బయటినుంచి వచ్చినవాళ్ళలో ఒకాయన ఏదో అడిగితే, "ఉండండి, అక్కడికే వస్తున్నా" అంది. నేను రాయలేక చెయ్యి నొప్పెట్టి ఒకచోట ఆపేశాను. డైరెక్టరు గారి గడియారం బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

అయిపోయాక డైరెక్టరు గారు ఖాళీ సిరాబుడ్డిని తలకిందులు చేసి చూసుకున్నారు.

"సంతకం పెట్టాలంటే ఎవరైనా పెన్ను ఇవ్వాలి" అన్నారు. "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది. తరవాతి వాళ్ళని పిలవండి. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు."

నేను నా పెన్ను ఇచ్చాను.

సాయంత్రం బావతో కలిసి వాళ్ళింటికి నడిచాను. తొట్టి ఆఫీసులోనే ఉండిపోయింది, ఫ్యాను కూడా.

"బావా, థర్మామీటరు పైన పెట్టావేంటి?"

"చెయ్యి జారింది."

"అద్దాలు పెట్టుకునే జారిందా?"

"నీళ్ళు వేడిగా ఉన్నాయిరా."

"ఆ ఉప్పు?"

"జేబులో ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యంగా ఉంది" అన్నాడు. కాస్త దూరం పోయాక, "పచ్చసిరా మాత్రం నేను అనుకోలేదు" అన్నాడు. దాని గురించి ఆయన చాలాసేపు ఆనందపడ్డాడు.

అక్క కుర్చీ అప్పుడే వేసేసింది. ఇన్నాళ్ళూ తొట్టి ఉన్నచోట కూర్చుని, విసనకర్ర పట్టుకుని మాకోసం చూస్తోంది. ఆయన ఆఫీసులో ఏం చేశాడో నేను చెప్పడం మొదలుపెట్టాను. వేడినీళ్ళ దాకా విని, "నలుగురిలో చొక్కా ముంచుకున్నారా!" అని తల కొట్టుకుంది. థర్మామీటరు పైన పెట్టాడన్నప్పుడు విసనకర్ర ఆగింది. ఉప్పు పొట్లం దగ్గరికి వచ్చేసరికి అక్క బావ వైపు తిరిగింది.

"అంటే రాత్రే ఎత్తుకెళ్ళారన్నమాట."

బావ అలవాటు ప్రకారం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"వద్దు, పెట్టుకోండి" అంది అక్క. "ఇది ఇప్పుడే వినాలి."

బావ పెట్టుకున్నాడు.

అక్క లేచి, కుర్చీ ఎత్తి గోడ వారకి జరిపింది. ఖాళీ అయిన చోటుని కాలితో ఒకసారి తుడిచింది.

"రేపు ఆ తొట్టి ఇంటికి తెచ్చెయ్యండి. ఫ్యాను కూడా."